కోవిడ్‌లో కన్సల్టింగ్ కంపెనీలు చేసిన ఇన్నోవేషన్ అసలు ఏది? దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి

ఫార్మా_నుంచి_కన్సల్టింగ్:

అందరికీ నమస్కారం. నేను బీఫార్మసీ, ఆ తర్వాత ఎంబీఏ చేసి ఈ మధ్యే హైదరాబాద్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీ హెల్త్‌కేర్ టీంలో చేరాను. కోవిడ్ లాంటిది మళ్లీ వస్తే క్లయింట్లకు, ముఖ్యంగా ప్రభుత్వాలకు, కొత్త పద్ధతులు తేవడంలో మనం ఎలా సాయపడాలి అని ఒక నోట్ రాయమన్నారు. పాత రిపోర్టులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. 2020 జూన్‌లో మెకిన్సీ అనే పెద్ద కన్సల్టింగ్ కంపెనీ ఇచ్చిన సర్వేలో 90 శాతానికి పైగా ఎగ్జిక్యూటివ్‌లు రాబోయే ఐదేళ్లలో మా వ్యాపారం తీరు మారిపోతుంది అన్నారు, కానీ కొత్త అవకాశాలు అందుకునే నైపుణ్యం, వనరులు, పట్టుదల మాకున్నాయి అన్నవాళ్లు 21 శాతమే. 2021లో అలాంటిదే ఇంకో కంపెనీ బీసీజీ ఇచ్చిన రిపోర్టు కూడా ఇంచుమించు అదే మాట: ఇన్నోవేషన్ మొదటి మూడు ప్రాధాన్యాల్లో ఉందన్న కంపెనీలు 75 శాతం, దాన్ని పెద్ద ఎత్తున చేయగలిగే స్థితిలో ఉన్నవి 20 శాతం.

ఇవన్నీ కంపెనీల పెద్దలు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు. అవి చదివితే అప్పుడు వాళ్లు ఏం ఆశించారో తెలుస్తోంది గానీ, ఆసుపత్రిలో, టెస్టింగ్ సెంటర్‌లో, టీకా క్యూలో ఏం మారిందో తెలియడం లేదు. కన్సల్టెంట్లు చేయి పెట్టినందువల్ల నిజంగా బాగుపడ్డ పని ఏది, చెడిపోయింది ఏది, ఎందుకు? రెండో వేవ్‌లో మా ఊళ్లో ఏం జరిగిందో చూశాను కాబట్టి ఈ నోట్ మొక్కుబడిగా రాయాలని లేదు. ఏ దేశం సంగతైనా పర్వాలేదు, తెలిసింది చెప్పండి.

కోవెంట్రీ_తెలుగు:

బ్రిటన్ వెంటిలేటర్ ఛాలెంజ్ చదవండి. నేను ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో సప్లయ్ చెయిన్ చూస్తాను, 2020లో మా ఫీల్డ్‌లో ఏ ఇద్దరు కలిసినా మాట్లాడుకున్నది దాని గురించే. మార్చి 16న ప్రధాని బోరిస్ జాన్సన్ తయారీ కంపెనీలన్నిటికీ పిలుపు ఇచ్చాడు, ఆసుపత్రులకు వెంటిలేటర్లు చాలవు, మీరు చేసి పెట్టండి అని. కేబినెట్ ఆఫీస్ తరఫున ప్రోగ్రాం నడపడానికి పీఏ కన్సల్టింగ్ అనే కంపెనీని పెట్టుకున్నారు. మీకు పనికొచ్చే భాగం ఇక్కడ మొదలవుతుంది.

రెండు దారులు ఒకేసారి తెరిచారు. ఒకటి, కార్లు, వాక్యూం క్లీనర్లు, రేసు కార్లు చేసే కంపెనీలు సున్నా నుంచి కొత్త వెంటిలేటర్ డిజైన్ చేయడం. రెండోది, ఇప్పటికే ఈ సామాను చేస్తున్న చిన్న కంపెనీలను పట్టుకుని వాళ్ల ఉత్పత్తిని ఎన్నో రెట్లు పెంచడం. ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్‌లో పెన్లన్, లూటన్‌లో స్మిత్స్, ఈ రెండూ కలిసి మామూలుగా వారానికి 50, 60 మెషీన్లు చేసేవి. ఎయిర్‌బస్, ఫోర్డ్, మెక్‌లారెన్, రోల్స్ రాయిస్, సీమెన్స్ లాంటి కంపెనీలు వాటి వెనక నిలబడి విడిభాగాలు, అసెంబ్లీ లైన్లు, మనుషులు ఇచ్చాయి. పెన్లన్ అనస్థీషియా మెషీన్‌లో ఉన్న భాగాలతోనే చేసిన మోడల్‌కు ఏప్రిల్ 16న, అంటే పిలుపు ఇచ్చిన నెలకే, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. జోరు మీద ఉన్నప్పుడు రోజుకు 400 దాటాయి. జూలై మొదటికల్లా, 12 వారాల్లో 13,437 మెషీన్లు అప్పజెప్పారు.

సున్నా నుంచి మొదలుపెట్టినవి దాదాపు అన్నీ ఆగిపోయాయి. డైసన్ కూడా, రేసింగ్ టీంలు చేసిన బ్లూస్కై కూడా. ఎందుకంటే మొదట అడిగిన మెషీన్ చాలా సాదా సీదాది. ఏప్రిల్‌కి డాక్టర్లకు ఈ జబ్బు సంగతి తెలిసొచ్చింది, పేషెంట్ రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంటాడు, మెల్లగా దాని నుంచి మాన్పించాలి, దానికి సాదా మెషీన్ చాలదు అని. స్పెసిఫికేషన్ మారింది, దాన్ని అందుకోలేని డిజైన్లను వదిలేశారు. పరువు పోతుందని లాగించలేదు. నా మటుకు నాకు ఈ ప్రోగ్రాంలో అన్నిటికన్నా నచ్చింది అదే: చాలా గుర్రాలను ఒకేసారి వదలడం, టెస్టులో నిలవనిదాన్ని వెంటనే ఆపడం, పేటెంట్ గొడవలొస్తే, ప్రొడక్ట్ వల్ల నష్టం జరిగితే ప్రభుత్వమే పూచీ పడుతుందని ముందే రాసివ్వడం. ఆ పూచీ లేకపోతే లాయర్ల దగ్గరే రెండు నెలలు పోయేవి. ఈ ఛాలెంజ్‌కి 277 మిలియన్ పౌండ్లు ఖర్చయిందని ఆడిట్ ఆఫీస్ లెక్క. మొదటి వేవ్‌లో భయపడినంత అవసరం రాలేదు కాబట్టి ఎక్కువ మెషీన్లు రిజర్వ్‌లోకి పోయాయి, అది కూడా మీ నోట్‌లో రాయాలి, దాచకూడదు.

లండన్_కౌన్సిల్_డేటా:

పైన అన్న చెప్పింది మంచి వైపు. రెండో వైపు నేను చెప్తాను, ఎందుకంటే నేను ఇక్కడ స్థానిక కౌన్సిల్‌లో డేటా పని చేస్తాను, ఆ ఏడాదంతా ఆ కష్టం మా నెత్తినే పడింది.

టెస్ట్ అండ్ ట్రేస్, అంటే కోవిడ్ టెస్టులు చేసి, జబ్బు పడ్డవాళ్లు ఎవరెవరిని కలిశారో వెతికే ఇక్కడి ప్రభుత్వ కార్యక్రమం. రెండేళ్లకు 37 బిలియన్ పౌండ్ల బడ్జెట్. ఆ డబ్బంతా కన్సల్టెంట్లు తినేశారని వాట్సాప్‌లో తిరిగింది, అది తప్పు, అది బడ్జెట్ మాత్రమే, అందులో సింహభాగం టెస్టింగ్‌కి, మొదటి ఏడాది నిజంగా ఖర్చయింది 13.5 బిలియన్లు. కానీ నిజం కూడా తక్కువేం లేదు. 2021 ఫిబ్రవరిలో అక్కడ దాదాపు 2,500 మంది కన్సల్టెంట్లు ఉన్నారు, సగటు రోజు రేటు 1,100 పౌండ్లు, అత్యధికంగా ఒకరికి రోజుకు 6,624 పౌండ్లు ఇచ్చారు. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 2021 మార్చిలో ఇచ్చిన రిపోర్టులో ఉన్న అంకెలు ఇవి. ఇంత పెట్టినా వ్యాధి వ్యాప్తి తగ్గించడంలో దీనివల్ల కొలిచి చూపించగలిగే తేడా వచ్చిందనడానికి స్పష్టమైన ఆధారం లేదని అదే కమిటీ తేల్చింది.

డెలాయిట్ లాంటి కన్సల్టింగ్ కంపెనీలు టెస్టింగ్ వైపు చేసిన పనిని నేను తీసిపారేయను. కార్ పార్కుల్లో డ్రైవ్ త్రూ సెంటర్లు, కొత్త పెద్ద ల్యాబులు, శాంపిళ్లు మోసే ఏర్పాట్లు, మార్చిలో రోజుకు కొన్ని వేలున్న టెస్టులు ఏప్రిల్ ఆఖరుకు లక్షకు చేరాయంటే అది చేతకానివాళ్లు చేసేది కాదు. సామాను, బండ్లు, స్థలాలు, మనుషుల షిఫ్టులు కుదిర్చే పని వాళ్లకు తెలుసు. తేడా కొట్టింది ట్రేసింగ్‌లో. జబ్బు పడ్డ మనిషికి ఎక్కడో కాల్ సెంటర్ నుంచి తెలియని నంబరుతో ఫోన్ చేసి మీరు ఎవరెవరిని కలిశారు అంటే ఎవరు ఎత్తుతారు? ఇంగ్లీషు సరిగా రాని పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబాలున్న వీధుల్లో అయితే మరీను. బ్లాక్‌బర్న్, శాండ్‌వెల్ లాంటి కౌన్సిళ్లు 2020 వేసవిలో సొంతంగా మొదలుపెట్టాయి. స్థానిక ఫోన్ నంబరుతో చేశారు, ఎత్తకపోతే ఇంటికి వెళ్లి తలుపు తట్టారు, వాళ్ల భాషలో మాట్లాడారు. జాతీయ కాల్ సెంటర్‌కి దొరకనివాళ్లు వీళ్లకు దొరికారు. ప్రజారోగ్య విభాగాల్లో టీబీకి, సుఖవ్యాధులకు కాంటాక్ట్ ట్రేసింగ్ చేసి ఆరితేరిన మనుషులు అప్పటికే ఉన్నారు. పెన్లన్‌ని వెతికి పట్టుకున్న ప్రభుత్వమే వీళ్లను మొదట్లో పక్కన పెట్టింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఇంకోటి, కొత్త ప్రజారోగ్య సంస్థ ఒకటి పెట్టాలనుకున్నప్పుడు దాని దృక్పథం, లక్ష్యం, చెప్పుకునే కథ ఎలా ఉండాలో చెప్పడానికి మెకిన్సీకి 5,63,000 పౌండ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. ఆ డబ్బుతో ఎంతమంది ట్రేసర్లు ఏడాది పాటు పనిచేసేవాళ్లో మీరే లెక్కేసుకోండి. ఫ్రాన్స్‌లో అయితే టీకా కార్యక్రమం ప్లానింగ్‌కి మెకిన్సీని పెట్టుకున్నందుకు పెద్ద రభస అయి, 2022 మార్చిలో సెనేట్ రిపోర్టు వచ్చింది. కోవిడ్ పనులకే కన్సల్టింగ్ ఆర్డర్లు 41 మిలియన్ యూరోలని తేలింది. అది కూడా చూడండి.

పీహెచ్‌సీ_డాక్టర్_గోదావరి:

అమ్మా, నేను ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. బ్రిటన్ సంగతులు చదువుతుంటే మన దగ్గర జరిగినవే గుర్తొస్తున్నాయి, పేర్లు వేరు అంతే.

కోవిన్ గురించి అందరూ టీకా రిజిస్ట్రేషన్ పోర్టల్ అనే మాట్లాడతారు. దాని కింద ఈవిన్ ఉంది. టీకాల నిల్వ ఎంత, ఫ్రిజ్‌లో టెంపరేచర్ ఎంత అని ప్రతి కోల్డ్ చైన్ పాయింట్ నుంచి ఫోన్‌లో ఎక్కించే పద్ధతి, 2015 నుంచి ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌డీపీ సాయంతో నడుస్తోంది. మా దగ్గర ఫ్రిజ్ చూసుకునే మనిషికి 2021 నాటికే అది చేతి అలవాటు. అందుకే జనవరి 16న టీకాలు మొదలైతే స్టాక్ వైపు పెద్ద కంగారు లేదు. కొత్తగా వచ్చింది జనం వైపు, అంటే రిజిస్ట్రేషన్, స్లాట్లు. మే 1న 18 ఏళ్లు దాటినవాళ్లకు తెరిచి ఆన్‌లైన్ బుకింగ్ తప్పనిసరి చేసినప్పుడు ఫోన్ చేతిలో ఉన్న పట్నం కుర్రాళ్లు పల్లెటూళ్ల స్లాట్లు పట్టేశారని చాలా రాష్ట్రాల్లో గోల అయింది. మే 24న ప్రభుత్వ సెంటర్లలో నేరుగా వచ్చినవాళ్లకు కూడా అక్కడే రిజిస్టర్ చేయొచ్చని మార్చాక గానీ సర్దుకోలేదు. ఒక నియమం మారిస్తే తీరిపోయే ఇబ్బంది అది, దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేకపోయింది.

మరి మా ఆంధ్రప్రదేశ్‌లో 2021 జూన్ 20న ఒక్క రోజే 13 లక్షలకు పైగా డోసులు వేశాం. ఎలా అంటారు? సచివాలయం పరిధిలో ఏ ఇంట్లో ఎవరున్నారో వాలంటీర్‌కు తెలుసు, అప్పట్లో 50 ఇళ్లకు ఒకరు ఉండేవారు. అప్పటికే ఇంటింటికీ జ్వరాల సర్వేలు చేసి ఉన్నారు. 45 దాటినవాళ్ల జాబితా, ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లుల జాబితా ఆశా, ఏఎన్ఎంల దగ్గర ఉంది. పల్స్ పోలియోకి రాసుకున్న మైక్రోప్లాన్లే దుమ్ము దులిపి వాడాం, ఏ వీధికి ఏ టీం, ఏ బడిలో బూత్, వ్యాక్సిన్ క్యారియర్ ఎవరు మోయాలి అన్నీ అందులో ఉన్నాయి. కోవిషీల్డ్ వయల్ ఒకసారి తెరిస్తే 10 మందికి నాలుగు గంటల్లో వేసేయాలి, పదో మనిషి రాకపోతే ఏఎన్ఎం వీధిలోకి వెళ్లి తీసుకొచ్చేది. ఈ పనికి ఇన్నోవేషన్ అని ఎవరూ అవార్డు ఇవ్వలేదు, నేనైతే ఇస్తాను.

కన్సల్టెంట్ల విషయానికొస్తే ఆ రోజుల్లో మా జిల్లాకూ ఒక టీం వచ్చింది, పేరు ఎందుకులెండి. వాళ్లకు కావలసింది డ్యాష్‌బోర్డ్. అదే అంకె పొద్దున ఒక ఫార్మాట్‌లో, సాయంత్రం ఇంకో ఫార్మాట్‌లో, రాత్రి వాట్సాప్‌లో అడిగేవారు. డేటా ఎంట్రీ చేసే అమ్మాయి జ్వరంతో ఉండి కూడా రాసి పంపేది. ఆ టీంలోనే ఒక కుర్రాడు మాత్రం మా దగ్గర కూర్చుని వ్యాన్ ఏ పీహెచ్‌సీకి ముందు, ఏ పీహెచ్‌సీకి తర్వాత వెళ్తే టీకా పొద్దున సెషన్‌కి అందుతుందో రూటు మార్చి ఇచ్చాడు. దాంతో మాకు ఉదయం బూత్ వేళకు తెరుచుకుంది. ఆ అబ్బాయి వచ్చి కూర్చున్నాడు కాబట్టి అది కుదిరింది. మీ నోట్‌లో ఆ కుర్రాడి లాంటి పనికి చోటుండాలి.

హైటెక్‌సిటీ_క్యూఏ:

డాక్టర్ గారికి నమస్కారం. నేను హైదరాబాద్ నుంచి అమెరికా హెల్త్ ప్రాజెక్టులకు టెస్టింగ్ చేస్తాను, కన్సల్టింగ్ కంపెనీల లోపల ఇది ఎలా నడుస్తుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే ప్రశ్న అడిగినవాళ్లు లోపలే ఉన్నారు కాబట్టి అది తెలిస్తే మంచిది.

సంక్షోభం రాగానే కంపెనీ మొదట చూసేది మన దగ్గర ఇప్పటికే ఏముంది అని. ఏదో రాష్ట్రానికి చేసిన అపాయింట్‌మెంట్ మాడ్యూల్, ఇంకెక్కడో చేసిన కేస్ మేనేజ్‌మెంట్, వాటిని కలిపి కొత్త పేరు పెడతారు. అది తప్పని నేను అనను, వేగం అలాగే వస్తుంది. ప్రాజెక్టు లేక బెంచ్ మీదున్నవాళ్లను వారంలో వంద మందిని దింపగలరు, ఏ ప్రభుత్వ శాఖకూ అది చేతకాదు. చిక్కు ఎక్కడంటే ఆ పాత మాడ్యూల్ ఎవరి కోసం చేశారో వాళ్లు, ఇప్పుడు వాడేవాళ్లు ఒకరు కారు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ వ్యామ్స్. టీకా అపాయింట్‌మెంట్ల కోసం అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ డెలాయిట్‌తో చేయించిన సిస్టం, పోటీ టెండర్ లేకుండా 44 మిలియన్ డాలర్లు. రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చారు. అయినా చాలా రాష్ట్రాలు తీసుకోలేదు, తీసుకున్న వాటిలో వర్జీనియా లాంటివి వేరే దానికి మారిపోయాయి. అపాయింట్‌మెంట్లు వాటంతటవే క్యాన్సిల్ అవడం, రిజిస్ట్రేషన్ నమ్మదగ్గట్టు లేకపోవడం, పెద్దవాళ్లు ఈమెయిల్‌తో అకౌంట్ తెరవలేక ఇబ్బంది పడడం, ఇవీ ఫిర్యాదులు. మొదట్లో టీకా వేసినవాళ్లలో బాగా పెద్ద వయసువాళ్లు ఉన్నారు, వాళ్లను ఈమెయిల్ ఐడీ అడిగితే ఎలా? నేను పనిచేసిన ఇంకో ప్రాజెక్టులోనూ (కంపెనీ పేరు చెప్పను) గో లైవ్ తేదీ, అంటే సిస్టం జనానికి తెరిచే రోజు, ముందే ప్రకటించేశారు, వాడేవాళ్లతో టెస్టింగ్ అనేది ప్లాన్‌లో ఉంది గానీ దానికి రోజులు మిగల్లేదు. మేం ఇక్కడ రాత్రుళ్లు కూర్చుని టెస్ట్ చేసేవాళ్లం, కానీ మేం చేసేది బటన్ పని చేస్తుందా లేదా అని, అవతల 80 ఏళ్ల ఆవిడ దాన్ని కనుక్కోగలదా అని కాదు.

అదే అమెరికాలో వెస్ట్ వర్జీనియా ఏం చేసిందో చూడండి. వృద్ధాశ్రమాల్లో టీకాలకు కేంద్రం రెండు పెద్ద మందుల షాపు చెయిన్లతో ఒప్పందం చేస్తే, మా దగ్గర వాళ్ల షాపులు పెద్దగా లేవు, మా ఊళ్ల చిన్న ఫార్మసీలతో చేసుకుంటాం అని బయటికొచ్చింది. ఆ ఫార్మసీలకు వృద్ధాశ్రమాలు పాత ఖాతాలే, ఎవరు ఎక్కడున్నారో తెలుసు. 2020 డిసెంబరు ఆఖరుకల్లా మొదటి డోసులు దాదాపు పూర్తి చేసేశారు, మిగతా రాష్ట్రాలు అప్పుడప్పుడే మొదలుపెడుతున్నాయి.

ఫార్మా_నుంచి_కన్సల్టింగ్:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఒక డౌట్. ఇవన్నీ కలిపి చదివితే ఉన్నదాన్ని పెంచినచోట పని జరిగింది, కొత్తగా కట్టినచోట దెబ్బతింది అనిపిస్తోంది. అలా రాస్తే మా మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న "మరి మనమెందుకు?" అని. ఏం చెప్పను?

కోవెంట్రీ_తెలుగు:

మీరెందుకంటే, పెన్లన్‌లో ఆ చిన్న ఫ్యాక్టరీ ఎయిర్‌బస్‌కి ఫోన్ చేసి మాకు మీ హ్యాంగర్ ఇవ్వండి అని అడగలేదు. మధ్యలో ఎవరో ఉండాలి. ఎవరి దగ్గర పనికొచ్చే వస్తువుంది, ఎవరి దగ్గర ఖాళీ చోటుంది, ఎవరి దగ్గర మనుషులున్నారు అని తెలిసి ముడిపెట్టేవాళ్లు, ఏ డిజైన్ ఎప్పుడు ఆపాలో కంపెనీల మొహమాటం లేకుండా లెక్క చూపించేవాళ్లు. మీ నోట్‌లో నేనైతే ఆ జాబితా సంక్షోభం రాకముందే తయారుచేసి ఏటా సరిచూసే పనిని మొదటి పేజీలో పెడతాను. అన్నీ కొత్తవి కూడదని కూడా రాయొద్దు. టెస్టింగ్ ల్యాబులు కొత్తవే, అవి పనికొచ్చాయి. యంత్రాలు, సామాను, బండ్లతో అయ్యే పనిని కొత్తగా కట్టొచ్చు. మనుషుల నమ్మకంతో అయ్యే పనిని అప్పటికప్పుడు కట్టలేం, అది ఉన్నచోటికి మనం వెళ్లాలి.

లండన్_కౌన్సిల్_డేటా:

దీనికి ఒప్పుకుంటాను, కానీ రేటు, గడువు కూడా రాయండి. ఎన్ని వారాలకు వచ్చారో, ఏ తేదీకి ఏ ప్రభుత్వ ఉద్యోగికి పని అప్పజెప్పి వెళ్తారో కాంట్రాక్టులో లేకపోతే తాత్కాలికం అన్నది ఏళ్ల తరబడి సాగుతుంది. టెస్ట్ అండ్ ట్రేస్‌లో కన్సల్టెంట్లను తగ్గిస్తామని మాటిచ్చి కూడా తగ్గించలేకపోయారు, ఎందుకంటే పని తెలిసినవాళ్లు వాళ్లే అయిపోయారు. వాళ్లు వెళ్లాక ఆ తెలివి కూడా వెళ్లిపోయింది.

హైటెక్‌సిటీ_క్యూఏ:

గడువు పెట్టడం మంచిదే అన్నా, కానీ లోపల చూసినవాడిగా ఒక మాట. అప్పగింత తేదీ రాసినా అవతల తీసుకునే మనిషి ఉండాలిగా. చాలా శాఖల్లో ఆ పోస్టు ఖాళీగా ఉంటుంది, అందుకే కాంట్రాక్ట్ పొడిగిస్తూ పోతారు. కాబట్టి మొదటి వారమే ప్రభుత్వం తరఫున ఇద్దరిని టీంలో కూర్చోబెట్టకపోతే పని మొదలుపెట్టం అని కన్సల్టింగ్ కంపెనీయే షరతు పెట్టాలి. బిల్లింగ్ తగ్గుతుందని మీ పైవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అయినా రాయండి.

పీహెచ్‌సీ_డాక్టర్_గోదావరి:

ఆ ఇద్దరిలో ఒకరు సెక్రటేరియట్ నుంచి కాకుండా ఫీల్డ్ నుంచి ఉండాలమ్మా, జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసర్‌నో, అనుభవమున్న ఏఎన్ఎం సూపర్‌వైజర్‌నో. ఇంకా, ఏదైనా కొత్త ఫార్మాట్ అడిగేముందు పాతది ఒకటి తీసేయాలి అని నియమం పెట్టండి. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెట్టండి, ఆదివారం మధ్యాహ్నం ఓపీ ఉండదు, తీరిగ్గా చదివి మా వైపు నుంచి ఏది కుదురుతుందో ఏది కుదరదో రాస్తాను.